ఇంగ్లిష్ ఏ లెవెల్ మొదలుపెడుతున్న శ్రావ్యకు పెద్దమ్మ ఉత్తరం

చి. శ్రావ్యకు పెద్దమ్మ దీవెనలు.

పదహారేళ్లకు రాసే స్కూలు పరీక్షలు, అదే జీసీఎస్ఈ, వాటిలో నీ ఫలితాలు మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఏడో తరగతి దాకా గుంటూరులో చదువుకుని, ఇక్కడికి, ఇంగ్లండ్‌కి, వచ్చిన నాలుగేళ్లలో ఇంగ్లిష్‌లో ఆ గ్రేడు తెచ్చుకోవడం మాటలు కాదు. చాలా సంతోషం తల్లీ. ఆ వెంటనే మీ నాన్న లైన్లోకి వచ్చి, "వదినా, ఈ రెండేళ్ల ఏ లెవెల్‌కి కెమిస్ట్రీ, బయాలజీ సరే. మూడోది మ్యాథ్స్ వద్దట, ఇంగ్లిషట. మీరైనా చెప్పండి" అన్నారు. చెప్పాను, కానీ ఆయన అనుకున్నది కాదు.

ఆయనతో అన్నది నీకూ రాస్తున్నాను, ఇంట్లో మళ్లీ మాట వస్తే పనికొస్తుంది. మెడిసిన్‌కి చాలా యూనివర్సిటీలు ముఖ్యంగా చూసేది కెమిస్ట్రీ, దాంతోపాటు బయాలజీ. మూడో సబ్జెక్టు ఏదైనా ఫర్వాలేదనే చోట్లు బోలెడున్నాయి. కొన్ని చోట్ల మాత్రం మ్యాథ్స్‌నో ఫిజిక్స్‌నో లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి మీ నాన్న, నువ్వు కలిసి కూర్చుని ఒక్కో యూనివర్సిటీ పేజీ తెరిచి చదవండి. వాళ్లూ వీళ్లూ చెప్పింది నమ్మొద్దు. ఇంజినీరింగ్ మాత్రం మ్యాథ్స్ లేకుండా కుదరదు. ఆ దారి నీకు నిజంగా వద్దా అని ఒకసారి గట్టిగా ఆలోచించుకో. వద్దనుకుంటే ఇంగ్లిష్ తీసుకోవడంలో నువ్వు పోగొట్టుకునేది ఏమీ లేదు. లా చదవాలన్నా, జర్నలిజం అన్నా, టీచరు కావాలన్నా, ఒక కాగితాన్ని చదివి అందులో ఏముందో, ఏం దాచారో పట్టుకోగలగడమే అసలు పని. ఆ పని నేర్పే సబ్జెక్టు ఇది.

నువ్వు తీసుకున్నది ఏమిటో కూడా స్పష్టంగా ఉండాలి. ఇంగ్లండ్‌లో ఏ లెవెల్‌కి ఇంగ్లిష్ పేరుతో మూడు సబ్జెక్టులున్నాయి. ఒకటి లిటరేచర్, ఒకటి లాంగ్వేజ్, మూడోది రెండూ కలిపిన లాంగ్వేజ్ అండ్ లిటరేచర్. మీ కాలేజీలో ఉన్నది మూడోది, అదీ ఏక్యూఏ అనే పరీక్షల బోర్డుది. మొదటి పేపరు మూడు గంటలు, రెండోది రెండున్నర గంటలు. ఒక్కోదానికి 40 శాతం. మిగతా 20 శాతం కోర్స్‌వర్క్, అంటే పరీక్ష హాల్లో కాకుండా నువ్వు సొంతంగా రాసి ఇచ్చేది. ఈ కలిపిన సబ్జెక్టు లిటరేచర్ కంటే తేలికని కొందరంటారు. నేను ఒప్పుకోను. లిటరేచర్ పిల్లలకు ఒక కన్ను చాలు, నీకు రెండూ కావాలి. కవితను కవితగానూ చూడాలి, అది ఎలాంటి వాక్యాలతో కట్టారో వ్యాకరణంగానూ చూడాలి. రేపు డిగ్రీలో ఇంగ్లిష్ చదవాలనిపిస్తే, ఆ యూనివర్సిటీ ఈ కలిపిన సబ్జెక్టును ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకో. చాలావరకు ఒప్పుకుంటాయి.

ఇంకో సంగతి. 2015లో సిలబస్ మారినప్పటి నుంచి రెండేళ్ల చదువుకూ పరీక్ష చివర్లోనే. ఇయర్ 12, అంటే మొదటి ఏడాది, అయ్యాక కాలేజీ వాళ్లు పెట్టేది వాళ్ల లెక్క కోసమే, ఆ మార్కులు ఏ లెవెల్‌లో కలవవు. ఈ ఏర్పాటు వల్ల మొదటి ఏడాది సెలవుల్లా గడిచిపోతుంది. టైమ్‌టేబుల్లో ఖాళీ పీరియడ్లు కనిపిస్తాయి, ఫ్రెండ్స్ కాఫీకి లాక్కెళ్తారు. వెళ్లు, తప్పు లేదు. కానీ ఆ ఖాళీల్లో సగమైనా లైబ్రరీలో కూర్చోకపోతే ఇయర్ 13 జనవరికి టెన్షన్ మొదలవుతుంది. ఇన్నేళ్లు సిక్స్త్ ఫామ్ (ఇయర్ 12, 13) పిల్లలకు పాఠం చెప్పి, బోర్డు పేపర్లు దిద్ది చూశాను. తెలివి తక్కువై దెబ్బతిన్న పిల్లలు అరుదు. ఇయర్ 12లో చదవాల్సిన పుస్తకాలు ఇయర్ 13లో మొదటిసారి తెరిచినవాళ్లే ఎక్కువ.

ఇక అసలు విషయం. నీకు ఒక్కటే చెప్పమంటే ఇది చెప్తాను. జీసీఎస్ఈలో నీకు నేర్పిన పద్ధతి ఉందే, పాయింట్ చెప్పు, ఎవిడెన్స్ ఇవ్వు, ఎక్స్‌ప్లెయిన్ చెయ్యి అని, దాన్ని సెప్టెంబరులోనే వదిలెయ్. అప్పట్లో అది నీకు మేలే చేసింది. ఇప్పుడు అది నిన్ను ఆపేస్తుంది. ఎందుకంటే ఆ పద్ధతిలో పాయింట్ ముందే తయారుగా ఉంటుంది, దానికి సరిపోయే కొటేషన్ వెతుక్కొచ్చి అతికిస్తావు. ఏ లెవెల్‌లో దారి తిరగబడుతుంది. ముందు పేజీ మీద మాటల్ని చూడాలి. అవి ఏం చేస్తున్నాయో పట్టుకోవాలి. పాయింట్ అందులోంచి పుట్టాలి. రచయిత ఏం చెప్పాడన్నది కథ తెలిసిన ప్రతివాళ్లూ చెప్తారు. ఎలా చెప్పాడన్నదానికే మార్కులు.

ఊరికే చెప్తే అందదు, చూపిస్తాను. మీ డ్రామా షేక్‌స్పియర్ ఒథెల్లో అని మీ అమ్మ చెప్పింది. మూడో అంకం మూడో సీను తెరువు. కథ నీకు తెలిసే ఉంటుంది. సేనాపతి ఒథెల్లో, అతని కింద పనిచేసే ఇయాగో మాట్లాడుకుంటున్నారు. ఒథెల్లో భార్య డెస్డిమోనా మీద, కాసియో అనే అధికారి మీద అనుమానం పుట్టించాలి ఇయాగో. సీను అయ్యేసరికి ఒథెల్లో ఆ విషం పూర్తిగా మింగేస్తాడు. ఎలా మింగించాడు? మొదటి కొన్ని మాటల్లో ఇయాగో ఆమె గురించి చెడ్డగా ఒక్క ముక్క కూడా అనడు. పెళ్లికి ముందు మీ సంగతి కాసియోకి తెలుసా అని అడుగుతాడు, అంతే. తెలుసు, మా ఇద్దరి మధ్యా అతనే తిరిగేవాడు అంటాడు ఒథెల్లో. "ఇన్‌డీడ్?" అంటాడు ఇయాగో. ఒథెల్లో ఉలిక్కిపడి అదే మాట పట్టుకుంటాడు. అందులో నీకేమైనా కనిపిస్తోందా, అతను హానెస్ట్ కాదా అని అడుగుతాడు. దానికి జవాబు "హానెస్ట్, మై లార్డ్?" నువ్వేమనుకుంటున్నావు అంటే జవాబు "థింక్, మై లార్డ్?"

ఇప్పుడు ఈ నాలుగైదు లైన్లనే పెన్సిల్‌తో గీసుకుంటూ చూడు. మొదట ప్రశ్న అడిగింది ఇయాగో. కాసేపటికి ప్రశ్నలన్నీ ఒథెల్లోవే. సేనాపతి తన కింది మనిషిని చెప్పు చెప్పు అని బతిమాలుతున్నాడు. పెద్ద హోదా ఉన్నవాడు ఎక్కువ మాట్లాడుతున్నాడు, తక్కువ మాట్లాడేవాడి చేతిలో సంభాషణ ఉంది. 'ఇన్‌డీడ్' తర్వాత ఇయాగో కొత్త మాటేమీ తేవడం లేదు, ఒథెల్లో మాటలే తీసుకుని చివర ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి ఇస్తున్నాడు. ప్రతిసారీ 'మై లార్డ్' అన్న మర్యాద తగిలిస్తున్నాడు, కాబట్టి తప్పు పట్టడానికి లేదు. ఫిలాసఫర్ గ్రైస్ 1975లో చెప్పిన సూత్రాల గురించి మీ లాంగ్వేజ్ టీచరు చెప్తారు. అవతలివాడికి కావలసినంత సమాచారం ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. ఇయాగో దాన్ని కావాలనే, అవతలివాడికి తెలిసేలా ఉల్లంఘిస్తున్నాడు. ఏదో దాస్తున్నాడని ఒథెల్లోకి అనిపించాలి, అదే ఎత్తు. చివరికి నీ ఆలోచనలో ఏదో రాక్షసి ఉన్నట్టుంది అని ఒథెల్లోనే అంటాడు. ఆ మాట ఇయాగో నోట్లోంచి రాలేదు చూశావా? బాధపడబోయేవాడే తన బాధకు పేరు పెట్టుకున్నాడు.

ఇదే సీను మీద వందల పేపర్లలో కనిపించే వాక్యం ఏమిటో తెలుసా? ఇయాగో ఇంటరాగేటివ్‌లు (ప్రశ్న వాక్యాలు) వాడి ఒథెల్లోలో అనుమానం రేపుతున్నాడు, అని. తప్పేం కాదు. కానీ ఆ వాక్యం ఏ నాటకంలో ఏ సీనుకైనా అతుకుతుంది. ఒథెల్లో అన్న పేరు తీసేసి ఇంకో పేరు పెట్టినా నిలబడేలా ఉంటే, ఆ వాక్యం నువ్వు చదివి రాసింది కాదు. దిద్దేవాళ్లు దీన్నే ఫీచర్ స్పాటింగ్ అంటారు. పేరు తెలుసు, అది చేసే పని తెలియదు. అడగడం ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి ఎక్కడ మారింది, మారినప్పుడు ఎవరి బలం తగ్గింది అని రాసిన పిల్లని వెంటనే పై బ్యాండులో, అంటే ఎక్కువ మార్కుల వరసలో, పెడతాం. పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు.

అలాగని పేర్లు నేర్చుకోవద్దనడం లేదు. మోడల్ వెర్బ్, డెయిక్సిస్, డిక్లరేటివ్, అడ్జసెన్సీ పెయిర్ లాంటి భాషాశాస్త్రం మాటలు మొదటి టర్మ్‌లోనే వరదలా వచ్చి పడతాయి. వాటిని నిఘంటువు అర్థాలతో బట్టీ పట్టకు. ఒక్కోదానికీ నువ్వు చదువుతున్న పుస్తకంలోంచి ఒక ఉదాహరణ, ఆ ఉదాహరణలో అది ఏం చేస్తోందో ఒక లైను, ఈ రెండూ పక్కన రాసుకో. 'తప్పక', 'బహుశా' అన్న తేడా ఇంగ్లిష్‌లో మోడల్ వెర్బ్ మోస్తుంది. ఒక పాత్ర 'మస్ట్' నుంచి 'మే' కి జారిందంటే ఆ పాత్ర నమ్మకం జారింది. ఇలా పని చేయని పేరు పరీక్షలో రాసినా బరువు తప్ప లాభం లేదు.

బట్టీ మాట వచ్చింది కాబట్టి. మనకు జ్ఞాపకశక్తి బాగా అలవాటు చేశారు, అది వరమే. ఎక్కాలు, పద్యాలు, సంవత్సరాలు, అన్నీ నోటికి పట్టించారు. దాన్ని ఇక్కడ సరైన చోట వాడు. మొదటి పేపరులో ప్యారిస్ గురించిన రచనల సంకలనం భాగానికి పుస్తకం దగ్గరుండదు, పోల్చాల్సిన రెండు భాగాలూ ప్రశ్నలోనే అచ్చు వేసి ఇస్తారు, వాటి వెనక సంగతులు మాత్రం నీ జ్ఞాపకంలోంచి రావాలి. మిగతా కొన్ని భాగాలకు పుస్తకం తీసుకెళ్లనిస్తారు, కానీ అందులో నీ రాతలేవీ ఉండకూడదు. దేనికి ఏ నియమమో టీచర్ని అడిగి అట్ట మీద రాసి పెట్టుకో. కొటేషన్లు నేర్చుకునేటప్పుడు పొడుగాటివి వద్దు. మూడు నాలుగు మాటలవి చాలు. అవి నీ వాక్యంలో ఇమిడిపోతాయి, పైగా ఒక్కో మాట మీద మాట్లాడగలుగుతావు. ఎస్సే మొత్తం తయారుగా నేర్చుకుని వెళ్లడం మాత్రం చెయ్యకు. అది ఇంకొకరి కొలతలతో కుట్టించిన బట్ట, ప్రశ్న కొంచెం పక్కకు జరిగితే చాలు, ఒంటికి పట్టదు. మనవాళ్ల పిల్లల్లో ఈ అలవాటు ఎక్కువ. ట్యూషన్ సెంటర్ల వాళ్లు మోడల్ ఆన్సర్లు అమ్మడం కూడా చూశాను. ఆ డబ్బుతో పుస్తకాలు కొనుక్కో.

చరిత్ర ఎక్కడ చెప్పాలి అన్నది కూడా పిల్లలు తప్పు చేసే చోటు. ఎస్సే మొదటి పేరాలో షేక్‌స్పియర్ ఎప్పుడు పుట్టాడు, రాజు ఎవరు అని రాసేసి, ఇక దాని ఊసే ఎత్తరు. దానికి మార్కులు రావు. చరిత్ర నాటకంలోకి వచ్చి పని చేయాలి. ఉదాహరణకి ఒథెల్లోలో రెండో అంకం నుంచి కథంతా సైప్రస్ దీవిలో. ఈ నాటకం రాసింది 1603, 1604 ప్రాంతంలో. నిజమైన సైప్రస్‌ను ఒట్టోమన్ టర్కులు 1571 కల్లా వెనిస్ చేతుల్లోంచి తీసేసుకున్నారు. అంటే వేదిక మీద వెనిస్ వాళ్లు కాపాడుకున్నామని సంబరపడుతున్న దీవి ఆ తర్వాత పోయిందేనని తెలిసిన ప్రేక్షకులుంటారు. ఆ పైన, నాటకంలో యుద్ధం జరగనే జరగదు. తుఫాను వచ్చి టర్కుల ఓడలు పోతాయి. యుద్ధం చేయడానికి వచ్చిన సేనాపతికి యుద్ధం లేదు, తన ఊరు కాదు, చుట్టూ సముద్రం, ఆంతరంగికుడు ఇయాగో ఒక్కడే. ఇలా చెప్తే ఆ చరిత్ర మూడో అంకంలో ఒథెల్లో అంత తొందరగా ఎందుకు పడిపోయాడో చెప్పడానికి ఉపయోగపడుతుంది. ఉపయోగపడని తేదీ రాయనే వద్దు.

పద్యం చదవడం దగ్గర మన చెవికి ఒక ఇబ్బంది ఉంది, దీన్ని ఇక్కడి టీచర్లు నీకు చెప్పలేరు, అందుకే నేను చెప్తున్నా. గుంటూరులో నీకు గురువు, లఘువు నేర్పారు కదా. మన ఛందస్సు అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని లెక్కపెడుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, ఏది గురువు, ఏది లఘువు అన్నది దాని ప్రాణం. ఇంగ్లిష్ పద్యం లెక్కపెట్టేది ఊనిక. 'రికార్డ్' అన్న మాటే తీసుకో. నామవాచకం అయితే మొదటి భాగం మీద గట్టిగా పలుకుతారు, క్రియ అయితే రెండో దాని మీద. షేక్‌స్పియర్ మామూలుగా రాసే లైనులో పది సిలబుల్స్, అందులో అయిదు చోట్ల ఊనిక. తెలుగు చెవితో చదివితే అన్నీ సమానంగా వినిపిస్తాయి, లయ తెలియదు. అందుకని పైకి చదువు. టేబుల్ మీద చేత్తో కొడుతూ చదువు. ఇంట్లో వాళ్లు ఏమనుకుంటారోనని సిగ్గుపడకు, మీ అమ్మమ్మ అయితే మురిసిపోతుంది. లయ పట్టుబడ్డాక అది ఎక్కడ తప్పుతుందో వినిపిస్తుంది, అక్కడ ఆగి ఎందుకని అడగాలి. నాలుగో అంకం మొదటి సీనులో ఒథెల్లో స్పృహ తప్పి పడిపోయే ముందు అతని మాట పద్యం విడిచి వచనమైపోతుంది. ముక్కలు ముక్కలుగా, చేతి రుమాలు, ఒప్పుకోలు, మళ్లీ రుమాలు. అంతకుముందు దాకా నాటకంలో అందరికంటే గంభీరంగా, తూచినట్టు మాట్లాడినవాడు అతనే. మనిషి విరిగిపోవడం అర్థంలో కంటే ముందు లయలో తెలుస్తుంది. వీలైతే ఒక్కసారైనా లండన్ గ్లోబ్ థియేటరుకి వెళ్లు. ముందు ఖాళీ జాగాలో నిలబడి చూసే టికెట్లు చవక. కాళ్లు నొప్పెడతాయి, మంచి చెప్పులు వేసుకుని వెళ్లు.

రెండో పేపరులో ఒక తమాషా ప్రశ్న ఉంటుంది. నవల్లో ఒక ఘట్టాన్ని ఇంకొకరి వైపు నుంచి తిరిగి రాయమంటారు, తర్వాత అలా ఎందుకు రాశావో చెప్పమంటారు. కథలు రాయడం ఇష్టమున్న పిల్లలు ఇక్కడ రెచ్చిపోయి అందంగా రాసి, రెండో భాగానికి టైమ్ లేక మార్కులు పోగొట్టుకుంటారు. నువ్వు రాసే ప్రతి ఎంపికకూ కారణం చెప్పగలగాలి. నౌకరు పాత్ర మాట్లాడుతుంటే వాక్యాలు ఎందుకు చిన్నవి చేశావు, యజమాని పేరు ఎందుకు ఎత్తలేదు, ఇలా. రాసేటప్పుడే మార్జిన్‌లో ఒక ముక్క రాసి పెట్టుకో, వివరణకి అదే పనికొస్తుంది.

కోర్స్‌వర్క్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2,500 నుంచి 3,000 పదాల పరిశోధన. ఒక సాహిత్య రచన తీసుకుని, దాని పక్కన సాహిత్యం కాని సామగ్రి పెట్టి, ఒకే అంశాన్నో ఒకే మెళకువనో రెండింట్లోనూ చూడాలి. ఆ రెండో సామగ్రి ప్రసంగం కావచ్చు, ప్రకటనలు కావచ్చు, నిజమైన మాటల రికార్డింగ్ కావచ్చు. ఇక్కడే నీలాంటి పిల్లకు మేలు ఉంది. ఒక నవల్లో వలస వచ్చిన కుటుంబం మాట్లాడుకునే తీరు, మీ ఇంట్లో నిజంగా మాట్లాడుకునే తీరు పక్కపక్కన పెట్టి చూడు. మీ తమ్ముడు నిన్న నాతో ఫోన్లో ఏమన్నాడో విను. తిన్నావా నాన్నా అంటే, "యా, తిన్నా పెద్దమ్మా, బట్ నాట్ మచ్, బికాజ్ అమ్మ పప్పు చేసింది." భాష ఎక్కడ మారిందో చూడు. 'బట్' దగ్గర, 'బికాజ్' దగ్గర. వాక్యాలను కలిపే మాటలు ఇంగ్లిష్‌వి, వరస పిలుపు తెలుగు, తిండి తెలుగు. నవలా రచయిత్రి పాత్రల చేత భాష మార్పిస్తే ఇవే చోట్లా, లేక పాఠకులకు అర్థమయ్యేలా వంటల పేర్లు, తిట్లు మాత్రమే మార్పించిందా? అదిగో, నీ పరిశోధన ప్రశ్న. ఇమ్మిగ్రెంట్ల భాష అన్న పెద్ద పేరు పెడితే మునిగిపోతావు. ఈ చిన్న ప్రశ్న అయితే 3,000 పదాల్లో నిలబడుతుంది.

దీంట్లో జాగ్రత్తలున్నాయి. రికార్డు చేసే ముందు ఇంట్లో అందరి అనుమతి తీసుకో, పిల్లలకైతే పెద్దవాళ్ల అనుమతి. రాసేటప్పుడు పేర్లు మార్చు. పది నిమిషాల మాటల్ని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించడానికి ఒక సాయంత్రమంతా పోతుంది. చిన్న విరామానికి బ్రాకెట్లో చుక్క, పెద్ద విరామానికి సెకన్లు, ఒకరి మీద ఒకరు మాట్లాడితే దానికో గుర్తు. విసుగు పుడుతుంది, కానీ ఎక్కిస్తుండగానే సంగతులు బయటపడతాయి, ఆ పని యాప్‌కి వదిలేయకు. సబ్జెక్టు ఇంగ్లిష్ కాబట్టి ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో నడిచే సంభాషణనే ఎంచుకో, తెలుగు ముక్కలకు అర్థం రాయి, మొదలుపెట్టక ముందే టీచరు ఒప్పుకున్నారా అని అడుగు.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. ఈ కోర్స్‌వర్క్ నాకు పంపకు. నేను చూడను. నీదే అని నువ్వు సంతకం పెట్టాలి, మీ టీచరు కూడా పెట్టాలి. టీచర్లే డ్రాఫ్టు మీద పైపై సలహాలు ఇవ్వగలరు తప్ప వాక్యాలు దిద్దకూడదు. అలాంటప్పుడు ఈ పనే చేసి రిటైరైన పెద్దమ్మ దిద్దడం ధర్మం కాదు. ఏఐతో రాయించి నీదని చెప్పుకోవడం కూడా అంతే, దొరికితే పేపరే పోతుంది. దొరకకపోయినా పరీక్ష హాల్లో నీ పక్కన అది ఉండదు.

నీ భయం మీ అమ్మ చెప్పింది. క్లాసులో అందరూ పుట్టినప్పటి నుంచి ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు, నేను వాళ్లతో సమానమా అని. వాళ్లకు లేనిది నీకొకటి ఉంది. భాషను వాళ్లు లోపలి నుంచే చూశారు, నువ్వు బయట నుంచి లోపలికి నడిచొచ్చావు. వాక్యంలో క్రియ మధ్యలోకి ఎందుకు వచ్చింది అని వాళ్లకు అనుమానమే రాదు, నీకు ఏడో తరగతిలోనే వచ్చి ఉంటుంది. లాంగ్వేజ్ భాగంలో అలాంటి అనుమానాలే పెట్టుబడి. నీ యాస సంగతి పరీక్ష దిద్దేవాళ్లకు తెలియనే తెలియదు. కాకపోతే మనవాళ్ల చేతి తప్పులు కొన్ని పేపర్లో కనిపించి మార్కు తగ్గిస్తాయి. 'డిస్కస్ అబౌట్' అనడం, 'ఐ యామ్ హ్యావింగ్' అనడం, 'ద' ఉండాల్సిన చోట లేకపోవడం, అక్కర్లేని చోట ఉండటం. టీచరు దిద్దిన ప్రతి తప్పునూ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకో, కొత్త ఎస్సే ఇచ్చే ముందు ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఒక్కసారి చూసుకో. నీ తప్పులు పది పన్నెండు రకాలకు మించి ఉండవు. క్రిస్మస్ కల్లా సగం పోతాయి.

చదువు సాధనాల్లో డబ్బు పెట్టాల్సిన పని లేదు. మీ ఊరి లైబ్రరీ కార్డు తీసుకో. చాలా కౌన్సిల్ లైబ్రరీల కార్డు నంబరుతో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఇంట్లోంచే ఉచితంగా తెరుచుకుంటుంది. ఒక మాట ఏ శతాబ్దంలో ఏ అర్థంలో వాడారో ఉదాహరణలతో సహా ఉంటుంది. 'హానెస్ట్' అన్న మాట అందులో చూడు. ఒథెల్లో మళ్లీ చదవాలనిపిస్తుంది. బోర్డు సైటులో పాత పేపర్లు, మార్కింగ్ స్కీములు, ఎగ్జామినర్ల రిపోర్టులు ఉంటాయి. అందరూ పాత పేపర్లే చూస్తారు, రిపోర్టులు ఎవరూ చదవరు. చదివితే అందులో మేం ఏటేటా మొత్తుకునేది కనబడుతుంది. చేతిరాత కూడా అశ్రద్ధ చేయకు. మూడు గంటలు ఆగకుండా పెన్నుతో రాయడం ల్యాప్‌టాప్ పిల్లలకు చేతకావడం లేదు. వారానికి ఒకసారి నలభై అయిదు నిమిషాలు టైమ్ పెట్టుకుని, పేపరు మీద రాయి.

కోర్స్‌వర్క్ చూడనన్నాను కానీ మిగతాది ఎంతైనా చూస్తాను. క్లాసులు మొదలయ్యేలోపు నేను చెప్పిన ఆ మూడో అంకం సీనులో 'ఇన్‌డీడ్' నుంచి రాక్షసి మాట దాకా ఉన్న లైన్లు మాత్రమే తీసుకుని ఒక పేజీ రాసి పంపు. ఉపోద్ఘాతం వద్దు, ముగింపు వద్దు, షేక్‌స్పియర్ జీవితం వద్దు. నేను పైన రాసిన పాయింట్లు కూడా వద్దు, అవి నావి. నాకు కనపడనిది నీకు ఒకటైనా కనపడుతుంది, అది రాయి. ఆ లైన్లు పద్యంలో ఎలా విరిగాయో, ఎవరి లైనును ఎవరు పూర్తి చేశారో చూస్తే మొదలు దొరకొచ్చు. ఫోన్లో ఫొటో తీసి పంపినా సరే, ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను. మీ నాన్నకి, అమ్మకి, చిన్నాడికి నా ఆశీస్సులు చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ